టైటానియం సైకిల్ ఒకటి, రోడ్లు అన్నీ: నా బిల్డ్ మొత్తం లెక్కలతో

ఈ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క సైకిల్ గురించి. పోయినసారి వీడియోలో నా వెనక గోడకి ఆనించి ఉన్న బూడిద రంగు సైకిల్ చూసి చాలామంది అడిగారు. "బ్రో, అది పెయింట్ వెయ్యని సైకిలా?" అని కొందరు, "టైటానియం అంట కదా, అంత డబ్బు దేనికి పెట్టావ్?" అని ఇంకొందరు. రెండూ మంచి ప్రశ్నలే. మొదటిదానికి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది: అవును, పెయింట్ లేదు, అవసరం లేదు. రెండోదానికి మాత్రం ఇరవై నిమిషాలు కావాలి. చాయ్ పెట్టుకుని కూర్చోండి.

ముందు ఒక మాట. ఇది "మీరూ కొనండి" అని చెప్పే వీడియో కాదు. చివరికొచ్చేసరికి మీలో చాలామందికి టైటానియం వద్దనే చెప్తా. కానీ నేను ఏ వరసలో ఆలోచించానో ఆ వరస మాత్రం, ఇరవై వేల సైకిల్ కొనేవాళ్ళకి కూడా పనికొస్తుంది.

సైకిల్ కన్నా ముందు రోడ్డు

సైకిల్ కొనాలంటే మనం చేసే మొదటి పని ఏంటి? ఫోన్ తీసి బ్రాండ్లు వెతుకుతాం. నేను దానికి ముందు ఒక కాగితం తీసుకుని, నేను నిజంగా తొక్కే రోడ్లు రాసుకున్నా. మూడు తేలాయి.

ఒకటి, వారం మధ్యలో తొక్కే రోడ్డు. నేను ఉండేది కొండాపూర్ వైపు. అక్కణ్ణుంచి గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ మీదుగా ఔటర్ రింగ్ రోడ్ పక్కనున్న సోలార్ సైకిల్ ట్రాక్. మీకు తెలిసే ఉంటుంది, 2023 అక్టోబర్ 1న ఓపెన్ చేశారు. మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5. పైన 16 మెగావాట్ల సోలార్ ప్యానెళ్ళ కప్పు. మే నెల ఎండలో కూడా నీడలో తొక్కొచ్చు. ట్రాక్ మీద ఉన్నంతసేపు ఏ సైకిలైనా బాగానే ఉంటుంది. అసలు పరీక్ష ట్రాక్ దాకా వెళ్ళడమే. సర్వీస్ రోడ్డు గుంతలు, కేబుల్ కోసం తవ్వి సగం పూడ్చిన కాలవలు, పెయింట్ వెయ్యని స్పీడ్ బ్రేకర్లు, కొత్త టవర్ల దగ్గర లారీల నుంచి పడిన కంకర. ఆఫీస్ టైమ్ లో వీటన్నిటితో పాటు క్యాబ్ లు.

రెండోది, ఆదివారం రోడ్డు. గండిపేట దాటి, చేవెళ్ళ మర్రిచెట్ల కింద నుంచి వికారాబాద్, అక్కడ అనంతగిరి కొండలు. గచ్చిబౌలి నుంచి సుమారు 70 కిలోమీటర్లు. మన మూసీ నది పుట్టేది ఆ కొండల్లోనే. మెయిన్ రోడ్డు మీద ట్రాఫిక్ ఎక్కువ, అందుకని ఊళ్ళ మధ్యలో ఉండే చిన్న రోడ్లు పట్టుకుంటా. అవి కాసేపు తారు, కాసేపు మొరం, వానాకాలంలో ఎర్రటి బురద.

మూడోది బ్రెవే. తెలియనివాళ్ళకి చెప్తున్నా, ఇది రేసు కాదు. టైమ్ లిమిట్ లోపల ఎవరి బాధ వాళ్ళు పడి దూరం పూర్తి చెయ్యాలి. 200 కిలోమీటర్లకి 13 గంటల 30 నిమిషాలు, 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. మన హైదరాబాద్ రాండోనర్స్ క్లబ్ వాళ్ళు ఇక్కడ నడిపిస్తారు. 200 లెక్క చూడండి: గంటకి సగటున 14.8 కిలోమీటర్లు. ఇందులో తిండి, పంచర్, సిగ్నల్ అన్నీ కలిపే. అంటే స్పీడ్ పెద్ద సమస్య కాదు. పదకొండో గంటలో కూడా నడుం నొప్పి లేకుండా సీటు మీద కూర్చోగలగాలి, అదీ అసలు సంగతి.

మూడు రోడ్లకి మూడు సైకిళ్ళు ఉంటే సుఖమే. కానీ మాది టూ బీహెచ్‌కే, బాల్కనీలో అప్పటికే ఒక వాషింగ్ మెషీన్, తులసి కోట. పైగా నేను ఉద్యోగం మానేసి కెమెరా ముందుకొచ్చాక నెల జీతం అనేది లేదు. కాబట్టి నాకున్న రెండు పాత సైకిళ్ళు అమ్మేసి, అన్నిటికీ ఒక్కటే కట్టుకోవాలని నిర్ణయించా. దీన్నే అడ్వెంచర్ రోడ్ బైక్ అంటారు: హ్యాండిల్ రోడ్ బైక్ లా వంగి ఉంటుంది, టైర్లు మాత్రం లావు, క్యారియర్ బిగించడానికి చోటు, డిస్క్ బ్రేకులు.

టైటానియం ఎందుకు

నంబర్లతో మొదలెడదాం. ఒక క్యూబిక్ సెంటీమీటర్ స్టీల్ బరువు సుమారు 7.8 గ్రాములు, టైటానియం 4.5, అల్యూమినియం 2.7. అంటే అల్యూమినియమే తేలిక. మరి టైటానియం గొప్పేంటి? దీని మిశ్రమాలు బలంలో మంచి స్టీల్ తో పోటీ పడతాయి. తుప్పు పట్టదు. వంగే గుణం స్టీల్ కన్నా ఎక్కువ, అందుకే దీని గొట్టాలు స్టీల్ గొట్టాల కన్నా లావుగా చేస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, లక్షల సార్లు కొద్దికొద్దిగా ఒత్తిడి పడినా తట్టుకుంటుంది. అల్యూమినియంకి ఆ ఓపిక తక్కువ.

సైకిళ్ళలో ఎక్కువగా వాడేది గ్రేడ్ 9 అనే రకం. టైటానియంలో 3 శాతం అల్యూమినియం, 2.5 శాతం వెనేడియం కలుపుతారు. విమానాల్లో హైడ్రాలిక్ గొట్టాల కోసం వాడే లోహం ఇదే. గొట్టంగా లాగడానికి అనువుగా ఉంటుందని సైకిల్ వాళ్ళూ పట్టుకున్నారు.

ఇప్పుడు చాలామంది చెప్పే ఒక మాట. "టైటానియం అంటే పరుపు మీద కూర్చున్నట్టే" అంటారు. నేనలా చెప్పను. మీ కింద కుదుపు తగ్గించేది ముఖ్యంగా టైర్. 25 మిల్లీమీటర్ల టైర్ లో 90 పీఎస్ఐ గాలి కొట్టి, కింద ఏ ఫ్రేమ్ పెట్టినా, మైండ్‌స్పేస్ నుంచి ఇనార్బిట్ దాకా పళ్ళు టకటకలాడతాయి. అదే సైకిల్ మీద 40 మిల్లీమీటర్ల టైర్ లో 40 పీఎస్ఐ పెట్టి చూడండి, వేరే ఊరికి వచ్చామా అనిపిస్తుంది. నేను టైటానియం ఎంచుకుంది మెత్తదనం కోసం కాదు. ఇరవై ఏళ్ళు వాడాలని. గీత పడితే స్కాచ్ బ్రైట్ పెట్టి రుద్దితే పోతుంది. వానలో తడిస్తే తుడిస్తే చాలు.

మన కంచన్‌బాగ్ కథ

ఇక్కడ హైదరాబాద్ వాళ్ళు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. టైటానియం అనగానే అమెరికా, చైనా అనుకుంటాం. మన ఊళ్ళోనే, పాతబస్తీ దాటి కంచన్‌బాగ్ లో మిధాని ఉంది. పూర్తి పేరు మిశ్ర ధాతు నిగమ్. 1973లో పెట్టిన రక్షణ శాఖ సంస్థ. అంతరిక్షానికి, రక్షణకి, విమానాలకి కావాల్సిన టైటానియం మిశ్రమాలు అక్కడ తయారవుతాయి. దాని పక్కనే డీఎంఆర్ఎల్, అంటే రక్షణ శాఖ లోహ పరిశోధన ల్యాబ్. కేరళలోని చవరలో టైటానియం స్పాంజ్ తయారు చేసే ప్లాంట్ ఉంది కదా, దాని టెక్నాలజీ ఈ ల్యాబ్ దే. ఇక ముడి ఖనిజం ఇల్మనైట్ మన శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో నల్ల ఇసుకలో ఉంటుంది.

మరి ఇసుకలో దొరికే లోహం అంత ఖరీదెందుకు? ఇనుములాగా బొగ్గుతో కాల్చి తీస్తే రాదు. ముందు ఖనిజాన్ని క్లోరిన్ తో కలిపి ఒక ద్రవంగా మార్చాలి. దాన్ని మెగ్నీషియంతో చర్య జరిపిస్తే, చిల్లులు చిల్లులుగా ఉండే ముద్ద వస్తుంది. అదే స్పాంజ్. దాన్ని మళ్ళీ గాలి తగలకుండా వాక్యూమ్ లో కరిగించాలి. ఎందుకంటే వేడిగా ఉన్నప్పుడు టైటానియం గాలిలోని ఆక్సిజన్ ని, నైట్రోజన్ ని పీల్చేసుకుని పెళుసైపోతుంది. మీరిచ్చే డబ్బులో పెద్ద వాటా ఈ శ్రమకే.

లోహం మన ఊళ్ళో ఉన్నా నా ఫ్రేమ్ మాత్రం చైనా నుంచి వచ్చింది. రాకెట్ కోసం కడ్డీలు, రేకులు చెయ్యడం వేరు, మిల్లీమీటర్ కన్నా పలచటి సైకిల్ గొట్టం చేసి, దాన్ని రోజూ వెల్డ్ చేసే చెయ్యి తయారవడం వేరు. అక్కడ బావోజీ అనే ఊరు మొత్తం టైటానియం మీదే బతుకుతుంది. ఏదో ఒక రోజు కంచన్‌బాగ్ లోహంతో బాలానగర్ లో వెల్డ్ చేసిన ఫ్రేమ్ మీద తొక్కాలని నా కోరిక. అలాంటిది ఎవరైనా మొదలుపెడితే మొదటి ఆర్డర్ నాదే.

ఆర్డర్ లో నేను పట్టుబట్టినవి

కస్టమ్ ఫ్రేమ్ అంటే మన కొలతలతో చేసిచ్చేది. ఆరేళ్ళు స్క్రీన్ ముందు కూర్చున్న నడుం నాది. అందుకే హ్యాండిల్ మరీ కిందకి లేకుండా ముందు భాగం ఎత్తు పెంచమన్నా. చూడ్డానికి రేస్ బైక్ లా ఉండదు. పదకొండో గంటలో ఎవరూ చూడరు కూడా.

మిగతావన్నీ ఒకే రూల్ మీద రాసుకున్నా: పదేళ్ళ తర్వాత కూడా పార్ట్ దొరకాలి, మామూలు పానాలతో విప్పగలగాలి.

పెడల్స్ మధ్య ఉండే బాటమ్ బ్రాకెట్ మరలు ఉన్న రకం. నొక్కి దించే రకం కాదు. దుమ్ములో, బురదలో కిర్రుకిర్రు మొదలైతే మర విప్పి కొత్తది బిగించొచ్చు.

సీట్ పోస్ట్ గుండ్రంది, 27.2 మిల్లీమీటర్లు. ఏ మంచి సైకిల్ షాపులో అయినా దొరికే సైజు.

కేబుళ్ళన్నీ ఫ్రేమ్ బయటి నుంచే. లోపల దాచితే ఫొటోలో బాగుంటుంది. కానీ వికారాబాద్ దగ్గర కేబుల్ తెగితే ఊళ్ళోని మెకానిక్ అన్న పది నిమిషాల్లో వేసివ్వాలి కదా.

టైర్ కి 45 మిల్లీమీటర్ల దాకా చోటు. మడ్‌గార్డ్ కి, వెనక క్యారియర్ కి, మూడో వాటర్ బాటిల్ కి బోల్ట్ రంధ్రాలు. ఇప్పుడు అవసరం లేకపోయినా పెట్టించుకోండి. టైటానియం మీద తర్వాత రంధ్రం పెట్టించడం మామూలు వెల్డింగ్ షాపులో అయ్యే పని కాదు.

ఒక్క విషయం గుర్తుంచుకోండి, ముందు ఫోర్క్ టైటానియం కాదు, కార్బన్. ఈ రకం సైకిళ్ళలో ఎక్కువ శాతం ఇంతే.

బాక్స్ విప్పాక చూడాల్సినవి

ఫ్రేమ్ రాగానే ఫొటో తీసుకునే ముందు వెల్డ్ రంగు చూడండి. వెల్డ్ చేసేటప్పుడు ఆర్గాన్ వాయువుతో బయటా, గొట్టం లోపలా గాలి తగలకుండా కాపాడాలి. అతుకు వెండిలా మెరుస్తున్నా, లేత గడ్డి రంగులో ఉన్నా మంచిదే. ముదురు నీలం, బూడిద, తెల్లటి పొడిలా ఉంటే లోపలికి గాలి వెళ్ళిందని అర్థం. అక్కడే పగుళ్ళు మొదలవుతాయి. కానీ వెల్డ్ తర్వాత రుద్ది పాలిష్ చేస్తే ఈ రంగు కనపడదు. అందుకే నేను అతుకుల దగ్గర పాలిష్ వద్దని ముందే రాసిచ్చా. సీట్ గొట్టం లోపలికి ఫోన్ టార్చ్ కొట్టి అక్కడి రంగు కూడా చూశా.

హెడ్ ట్యూబ్ మీద నీలం రంగు కనిపిస్తోంది కదా, అది వేరే. అది యానోడైజింగ్. కరెంట్ పంపి పైన సన్నటి ఆక్సైడ్ పొర పెంచుతారు, వోల్టేజ్ మారితే పొర మందం మారి రంగు మారుతుంది. వానరోడ్డు మీద పెట్రోల్ చుక్క రంగులు చిమ్ముతుంది చూడండి, అదే ఫిజిక్స్. రంగు పదార్థం ఒక్క చుక్క కూడా ఉండదు.

బిగింపు

టైటానియంతో ఒక గొడవ ఉంది. రెండు లోహాలు రాసుకుంటే పట్టేసుకుంటాయి. సీట్ పోస్ట్ పొడిగా దించేసి రెండేళ్ళు వదిలేస్తే, మళ్ళీ బయటికి రాదు. అందుకే ప్రతి మరకి, ప్రతి బోల్ట్ కి యాంటీ సీజ్ పేస్ట్ రాయాలి. మామూలు గ్రీజు కొన్నాళ్ళకి కారిపోతుంది. కార్బన్ ఫోర్క్ ఉన్న చోట టార్క్ పానాతోనే బిగించాలి. "గట్టిగా ఉంటే మంచిది" అనే లెక్క ఇక్కడ పనిచెయ్యదు.

ఇప్పుడు గేర్లు. ముందు పళ్ళ చక్రాలు 46, 30. వెనక 11 నుంచి 34. ఎందుకో లెక్క చూద్దాం. 40 మిల్లీమీటర్ల టైర్ ఒక చుట్టు తిరిగితే దాదాపు 2.2 మీటర్లు. అన్నిటికన్నా తేలిక గేర్ 30 బై 34. పెడల్ ఒక్కసారి తిప్పితే 1.94 మీటర్లు. నిమిషానికి 60 సార్లు తిప్పితే గంటకి 7 కిలోమీటర్ల స్పీడ్. అదే మామూలు రోడ్ బైక్ లో 34 బై 28 ఉంటే, అదే తొక్కుడికి 9.6 కావాలి. అనంతగిరి ఎక్కేటప్పుడు, వెనక బ్యాగ్ తో, ఆ రెండున్నర కిలోమీటర్ల తేడానే మిమ్మల్ని సీటు మీద ఉంచుతుంది, లేదంటే దింపి నడిపిస్తుంది. మరి స్పీడ్ తగ్గదా అంటారేమో, 46 బై 11లో నిమిషానికి 90 తిప్పితే దాదాపు 50 వస్తుంది. మన సర్వీస్ రోడ్ల మీద అంత స్పీడ్ మీకెందుకు?

టైర్లు ట్యూబ్‌లెస్. లోపల సీలెంట్ ద్రవం పోస్తే చిన్న ముల్లు గుచ్చుకున్నా దానంతటదే మూసుకుంటుంది. మన తుమ్మముళ్ళకి ఇంతకన్నా మందు లేదు. అయినా ఒక ట్యూబ్ సీటు కింద ఉంటుంది.

కస్టమ్ పని ఒకటి ఇక్కడే చేయించా. హ్యాండిల్ ముందు బ్యాగ్ పెడితే లైట్ కనపడదు, అందుకని లైట్ ని బ్యాగ్ కిందకి దించే చిన్న బ్రాకెట్ కావాలి. డ్రాయింగ్ గీసుకుని బాలానగర్ లో ఒక లేత్ షాపుకి వెళ్ళా. "అన్నా, ఇది టైటానియంలో వస్తుందా?" అనడిగా. ఆయన డ్రాయింగ్ చూసి, నన్ను చూసి, "లైటు మోసేదానికి టైటానియం ఎందుకు తమ్ముడూ? నీ డబ్బులూ పోతయ్, నా టూల్ బిట్టూ పోతది. అల్యూమినియం చాలు" అన్నాడు. కరెక్టే. టైటానియం కోసేటప్పుడు వేడి ముక్కలోకి పోకుండా టూల్ మొన దగ్గరే ఉండిపోతుంది, బిట్ త్వరగా అరిగిపోతుంది. బ్రాకెట్ అల్యూమినియంలోనే చేయించా. ఈ మొత్తం బిల్డ్ లో నాకు దొరికిన బెస్ట్ సలహా అదే: ఎక్కడ అవసరమో అక్కడే ఖరీదైన లోహం.

డబ్బు మాట

మొత్తం మూడు లక్షల పైచిలుకు అయింది. ఫ్రేమ్, ఫోర్క్, కస్టమ్స్ కలిపి సగం, మిగతా సగం చక్రాలు, గేర్లు, బ్రేకులు. పాత సైకిళ్ళు అమ్మిన డబ్బు, రెండేళ్ళుగా పక్కన పెట్టిన డబ్బు. లోన్ లేదు. మా అమ్మ లెక్క విని, "ఆ డబ్బుకి బుల్లెట్టే వచ్చేది కదరా" అంది. వచ్చేదే. నా దగ్గర దానికి గొప్ప జవాబేం లేదు. "అది నన్ను మోస్తుందమ్మా, దీన్ని నేను తొక్కుతా" అన్నా. "మరింకేం, కూరగాయలు కూడా దీని మీదే తీసుకురా" అంది. అందుకే వెనక క్యారియర్ ఉంది. జోక్ కాదు.

మీలో ఒక తమ్ముడు రాశాడు: ఫస్ట్ జాబ్, మొదటి హైక్ వచ్చింది, ఈఎంఐ మీద టైటానియం తీసుకోమంటారా అని. వద్దు తమ్ముడూ. ఐటీలో జీతం ఏ నెలలో ఆగుతుందో చెప్పలేని రోజులివి, సైకిల్ కోసం నెలనెలా కట్టే అప్పు పెట్టుకోకు. నువ్వు ఇంకా నీ రోడ్లు కనుక్కోలేదు. స్టీల్ లేదా అల్యూమినియం ఫ్రేమ్ తీసుకో. నాలుగు చూడు: 40 మిల్లీమీటర్ల టైర్ పడుతుందా, తేలిక గేర్ ఒకటికి ఒకటి కన్నా తక్కువ ఉందా, మడ్‌గార్డ్ కి, క్యారియర్ కి బోల్టులున్నాయా, పార్టులు మామూలు సైజులేనా. ఈ నాలుగూ ఉంటే నా సైకిల్ చేసే పనుల్లో దాదాపు అన్నీ అదీ చేస్తుంది. రెండేళ్ళు తొక్కాక ఏ కొలత నీకు సరిపోవట్లేదో నీ ఒళ్ళే చెప్తుంది. కస్టమ్ ఫ్రేమ్ అప్పుడు.

అన్నిటికన్నా ముందు కొనాల్సినవి

ఒక సీరియస్ మాట. సైకిల్ ఎంత గొప్పదైనా, వెనకొచ్చే క్యాబ్ డ్రైవర్ కి అది టైటానియం అని తెలీదు. ఆయనకి తెలియాల్సింది ముందు ఒక మనిషి ఉన్నాడని. కాబట్టి మీ బడ్జెట్ ఎంతైనా, మొదటి డబ్బు హెల్మెట్ కి, పగలు కూడా కనిపించే వెనక లైట్ కి, మంచి బ్రేక్ ప్యాడ్లకి. బ్రెవేలకైతే రిఫ్లెక్టివ్ జాకెట్ కూడా. ఔటర్ సర్వీస్ రోడ్డు మీద ఎగ్జిట్ ర్యాంప్ దగ్గర, పైనుంచి దిగే బండి స్పీడ్ లోనే ఉంటుంది. అక్కడ "నాకు రైట్ ఉంది" అనుకోకండి. ఆగండి, చూడండి, దాటండి. పది సెకన్లు పోతాయి, అంతే.

తెల్లారగట్ల అయిదింటికి నానక్‌రామ్‌గూడ దగ్గర ట్రాక్ ఎక్కితే ఇరవై వేల సైకిళ్ళూ ఉంటాయి, అయిదు లక్షలవీ ఉంటాయి. కొల్లూరు చివర చాయ్ దగ్గర అందరూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. అక్కడ ఎవరూ ఫ్రేమ్ ఏ లోహం అని అడగరు, "ఎన్ని కిలోమీటర్లు అయింది?" అనే అడుగుతారు. నా దానికి ఇప్పటికి నాలుగు వేలు దాటింది.

మీరు రోజూ తొక్కే రోడ్డు, మీ సైకిల్ టైర్ సైజు, ఈ రెండూ కింద రాయండి. ఏ టైర్ కి ఎంత గాలి పెట్టాలో వచ్చే ఎపిసోడ్ లో మీ లెక్కలతోనే చూద్దాం. అందాకా లైట్ వేసుకుని తొక్కండి. ఉంటాను.